కాయకశ్రమ యుండగా వ్యాయామమేల?

ఎల్లంతకుంట పల్లెలలో గాని, సిరిసిల్ల నేతవాడలలో గాని, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల బీడీ కార్మికుల యిండ్లలో గాని, నడివయస్సువారితో రోజూ కొంతసేపు నడువవలెనని వైద్యుడు చెప్పినచో సాధారణముగా వచ్చు సమాధానమొక్కటే: "పొద్దంత పని చేసెటోళ్లకు మళ్ల నడకెందుకు?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చెమటోడ్చి బ్రతుకువారి ప్రశ్న యిది. ఇందులో న్యాయము కలదు. అయినను ఈ మాట చాటుననే మధుమేహము, రక్తపోటు, గుండెజబ్బు అనేక కుటుంబములలో చప్పుడు లేక ప్రవేశించుచున్నవి. శ్రమకును వ్యాయామమునకును గల భేదమును, ఆ రెంటికిని ఇతర అలవాట్లతో గల సంబంధమును తెలిసికొనుటయే ఈ పాఠము ప్రయోజనము.

ఈ సీమలో శరీరము చేయు పని

2016 అక్టోబరులో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట మండలము ప్రధానముగా వ్యవసాయ సీమ. ఒకనాటి రైతు నాగలి వెంట నడిచినాడు, మోట తోలినాడు, మూటలు మోసినాడు, అంగడికి కాలినడకను పోయినాడు. నేడు దుక్కి ట్రాక్టరుది, కోత హార్వెస్టరుది, నీరు మోటారుది, ప్రయాణము మోటారుసైకిలుది. నాట్లు వేయు స్త్రీల నడుములు నేటికిని వంగియే యున్నవి. కాని ఆ శ్రమ కొన్ని వారములది. ఆ వారములలో దేహము విరిగిపోవును. తక్కిన నెలలలో దానికి తగిన కదలిక లేదు.

సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. సాంచాల కార్మికుడు పలు మగ్గముల నడుమ నిలిచి, తెగిన పోగు అతుకుచు, కండె మార్చుచు పండ్రెండు గంటల వరకు పనిచేయును. కాళ్లు నిలిచియుండును గాని గుండె వేగము పెరుగునంతటి నడక ఉండదు. చెవులకు చప్పుడు, ఊపిరికి నూలుధూళి మాత్రము కొరత లేదు. బీడీలు చుట్టు స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని, తల వంచి, గంటల తరబడి కూర్చుండును. ఆమె వ్రేళ్లు పరుగెత్తును, దేహము కదలదు.

సాయంకాలమునకు ఈ ముగ్గురును అలసియుందురు. ఆ అలసట నిజమైనది. అయితే అలసట కలిగినంత మాత్రమున గుండెకు, ఊపిరితిత్తులకు, కండరములకు కావలసిన వ్యాయామము లభించినదని చెప్పుటకు వీలులేదు.

రెండు పరిశోధనలు, ఒక చిక్కు

శరీరపు కదలికకును గుండెజబ్బునకును గల సంబంధమును మొదట స్పష్టపరచినవారిలో ఆంగ్ల వైద్యుడు జెర్రీ మోరిస్ ముఖ్యుడు. 1953లో ఆయనయు, ఆయన సహచరులును లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలోని సిబ్బందిని పరిశీలించి తమ ఫలితములను ప్రకటించిరి. రోజంతయు కూర్చుండు డ్రైవర్లకంటె, టిక్కెట్ల కొరకు మెట్లెక్కుచు దిగుచుండు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించినది. వచ్చినను తీవ్రత తక్కువగా నుండినది. డ్రైవర్లు ఉద్యోగములో చేరునాటికే స్థూలకాయులై యుండిరేమోయన్న సందేహము పిదప కలిగి, మోరిస్ వారి యూనిఫారముల కొలతలను సైతము పరిశీలించెను. నడుము కొలతలలో భేదము నిజమే. కాని గుండెజబ్బులోని భేదమంతయు దానివలననే కాదని తేలినది.

దీనినిబట్టి శ్రమ చేయువారందరును సురక్షితులని తోచవచ్చును. అయితే 2021లో డెన్మార్క్ దేశపు కోపెన్‌హేగన్ ప్రాంతమున లక్షమందికి పైగా వయోజనులను సుమారు పదేండ్లు గమనించిన పరిశోధన ప్రచురితమైనది. విరామకాలమున ఎక్కువగా కదలువారిలో గుండెజబ్బులు, మరణములు తక్కువ. కాని వృత్తిలో అధిక శారీరక శ్రమ చేయువారిలో అవి ఎక్కువ! ఒకే దేహము, ఒకే కండరములు. ఫలితములు మాత్రము విరుద్ధములు. కారణములపై వైద్యులలో చర్చ యింకను సాగుచున్నది. పేదరికము, పొగాకు వంటి కారణములను లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదము పూర్తిగా మాయము కాలేదు.

పరిశోధకులు చూపు వివరణ యిట్లున్నది. వ్యాయామమున గుండె కొంతసేపు వేగముగా కొట్టుకొని, పిదప విశ్రాంతి పొందును. ఆ విశ్రాంతిలోనే బలము కూడును. వృత్తిశ్రమలో గుండె వేగము బలము కూడునంతగా పెరుగకయే, గంటల తరబడి కొద్దిగా హెచ్చియుండును. బరువు లెత్తుట, ఒకే భంగిమలో నిలుచుట రక్తపోటును పెంచును. అలసినప్పుడు ఆగు స్వేచ్ఛ కూలివానికి లేదు. తిరిగి కోలుకొను వ్యవధియు లేదు. మోరిస్ చూచిన కండక్టరు శ్రమలో కదలిక యున్నది: ఎక్కుట, దిగుట, నడచుట. సాంచా ముందరి శ్రమలో నిలుపుదల యున్నది.

కావున "పని చేయుచున్నానా?" అని గాక, "నా పనిలో శ్వాస వేగిరపడునట్లు దేహము కదలుచున్నదా?" అని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను. వేగముగా నడచుచు, సైకిలు త్రొక్కుచు పనిచేయువారికి ఆ కదలిక లెక్కలోనికి వచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ వృత్తిలోని కదలికను మినహాయింపలేదు. తక్కినవారు ఆ లోటును వేరుగా పూరించుకొనవలసియుండును.

దేహములో జరుగునదేమి?

భోజనము నుండి రక్తములో చేరిన చక్కెరను కండరములలోనికి పంపుటకు ఇన్సులిన్ అవసరము. మధుమేహమున ఆ ఇన్సులిన్ చాలకపోవును, లేదా దాని మాట కండరము వినదు. అయితే కదలుచున్న కండరము ఇన్సులిన్ సహాయము అంతగా లేకయే చక్కెరను గ్రహింపగలదు. భోజనానంతరపు నడక మేలుచేయుటలోని రహస్య మిదియే. నడక, సైకిలు వంటి వ్యాయామమును నియమముగా చేసినచో రక్తపోటు గలవారిలో పై అంకె సుమారు 5 నుండి 8 వరకు తగ్గునని వైద్యుల అనుభవము. ఇది మందునకు బదులు కాదు; మందునకు తోడు.

భారతదేశమున ఈ విషయము ఎంత ముఖ్యమో అంకెలే చెప్పుచున్నవి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన పరిశోధన ప్రకారము, దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహగ్రస్తులు; మరి 13 కోట్లమందికి పైగా దాని గుమ్మమున నిలిచియున్నారు. వయోజనులలో సుమారు మూడవవంతునకు రక్తపోటు కలదు. గుమ్మమున నిలిచినవారు వెనుకకు మరలగలరా? మరలగలరని చెన్నై వైద్యులు 2006లో చూపిరి. మధుమేహము రాదగిన స్థితిలోనున్న 531 మందిని ఎన్నుకొని వారు సుమారు మూడేండ్లు గమనించిరి. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. ఆహారనియమముతోపాటు రోజునకు అరగంట నడక వంటి శ్రమను పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చెను. పెద్ద ఖర్చు లేదు, నియమమొక్కటే.

అలవాట్లు గుంపుగా వచ్చును

వ్యాయామలోపము ఒంటరిగా ఇంటికి రాదు. పన్నెండు గంటలు నిలిచిన కార్మికుడు ఒళ్లునొప్పులు మరచుటకు కల్లు దుకాణమునకు పోవును. నిద్ర రాకుండుటకు బీడీ కాల్చును. ఆలస్యముగా, అధికముగా భుజించి పండుకొనును. మరునాడు మరింత అలసటతో లేచును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 ఏండ్లు దాటిన పురుషులలో నూటికి సుమారు 43 మంది, స్త్రీలలో సుమారు ఏడుగురు మద్యము సేవించుచున్నారు. ఒళ్లునొప్పులకు మద్యము మందు కాదు. అది నొప్పిని గాదు, నొప్పి తెలివిడిని మాత్రమే చంపును.

ఇచ్చట రెండు అపోహలు తొలగవలెను. మొదటిది: "నడచుచున్నాను గనుక బీడీ కాల్చినను దోషము లేదు" అనునది. ఏ వ్యాయామమును పొగాకు చేయు కీడును తుడిచివేయజాలదు. రెండవది: "ముందు అలవాట్లన్నియు మానిన పిదప వ్యాయామము" అనునది. ఇదియు సరికాదు. పది నిముషముల చురుకైన నడక పొగాకుపై కోరికను కొంతసేపు అణచునని పరిశోధనలు చూపినవి. నడక ఒక్కటే వ్యసనమును మాన్పదు. అయితే మానదలచినవానికి ఆ కష్టఘడియ దాటుటకు చేయూత యగును.

కూర్చుండు పనివారికి మరియొక హెచ్చరిక, మరియొక శుభవార్త కలవు. పది లక్షలమందికి పైగా జనుల వివరములను క్రోడీకరించి 2016లో ప్రకటించిన పరిశీలనలో, దినమునకు ఎనిమిది గంటలకు మించి కూర్చుండువారికి మరణభయము హెచ్చుగా కనిపించినది. అయితే రోజూ 60 నుండి 75 నిముషములు చురుకుగా కదలువారిలో ఆ హెచ్చుదల దాదాపు కనిపించలేదు.

ఎంత? ఎట్లు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత సులభమైనది. వయోజనులు వారమునకు 150 నుండి 300 నిముషములు ఓ మోస్తరు వ్యాయామము, లేదా 75 నుండి 150 నిముషములు తీవ్ర వ్యాయామము చేయవలెను. వారమునకు రెండు దినములైనను కండరములకు బలము చేకూర్చు సాధన యుండవలెను. 65 ఏండ్లు దాటినవారు పడిపోకుండుటకై వారమున మూడు దినములు నిలకడ నిచ్చు సాధన చేయవలెను. ఓ మోస్తరు వ్యాయామమునకు గుర్తు: మాటలాడ వీలుండును, పాట పాడ వీలుండదు.

సాంచాల కార్మికులు: పనికి పోవునప్పుడు గాని వచ్చునప్పుడు గాని పదిహేను నిముషములు చురుకుగా నడువవలెను. నిలిచియున్నప్పుడు మడమల నెత్తి దించుచుండినచో పిక్కలలో రక్తము నిలువదు. పని ముగిసిన పిదప కొంతసేపు కాళ్లు ఎత్తి పండుకొనుట మేలు.

బీడీలు చుట్టు స్త్రీలు: అరగంటకొకసారి చాట దించి, లేచి, నాలుగడుగులు వేసి, మెడను, భుజములను సాగదీయవలెను. బతుకమ్మ దినములలో చప్పట్లు చరచుచు, వంగుచు లేచుచు వలయముగా తిరుగు స్త్రీ దేహమునకు ఎంతటి చక్కని వ్యాయామము లభించుచున్నదో గమనింపుడు. తొమ్మిది దినములకు పరిమితమైన ఆ కదలిక ఏడాది పొడుగున కావలెను.

రైతులు: పనులు లేని నెలలలో చెరువుకట్ట మీద నడక, గుంజీలు, దండీలు వారికి తగియుండును. దేహము సిద్ధముగా నున్నచో సీజను శ్రమ భారము కాదు.

వృద్ధులు: గోడ పట్టుకొని ఒంటికాలిపై కొన్ని క్షణములు నిలుచుట, కుర్చీ నుండి చేతుల ఊత లేక లేచి కూర్చుండుట చాలును.

జాగ్రత్తలు మరువరాదు. నడుమ ఛాతీలో నొప్పి, కండ్లు తిరుగుట, మితిమీరిన ఆయాసము కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు ఖాళీ కడుపుతో దీర్ఘముగా నడువరాదు. పాదములకు చెప్పులు లేక నడువరాదు. మేలో మిట్టమధ్యాహ్నపు ఎండలో వ్యాయామము సాహసము. 30 ఏండ్లు దాటినవారందరును ఊరి ఉపకేంద్రములో గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గాని రక్తపోటును, చక్కెరను పరీక్షించుకొనవలెను. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో అది హెచ్చరిక యని భావింపవలెను.

కాయకము నిలుచుటకు కాయము నిలువవలెను

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు బోధించిన కాయక సిద్ధాంతము శ్రమకు గౌరవము నిచ్చినది. శరణులలో నేతపని చేసిన జేడర దాసిమయ్య, త్రాడు పేనిన నులియ చందయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య వంటి కష్టజీవులకు ప్రముఖ స్థానము కలదు. ఆ సంప్రదాయమువారు శ్రమను తక్కువ చేయజాలరు. ఈ పాఠమును తక్కువ చేయలేదు. అయితే కాయకమునకు ఆధారము కాయము. శరీరమును శివుని నివాసముగా భావించువారికి దాని సంరక్షణము భోగము కాదు, బాధ్యత. నలుబదియైదేండ్లకే పక్షవాతముతో మంచము పట్టిన నేతకాని ఇంట కాయకమును ఆగును, దాసోహమును ఆగును. భారమంతయు భార్యాబిడ్డలపై బడును.

మఠములు చేయగల మేలు ఒకటి కలదు. పురుషునకు చెరువుకట్ట యున్నది, బజారున్నది. పల్లెలలో స్త్రీకి సంకోచము లేక నడచు చోటు లేదు. ఉదయమొక గంట, సాయంకాలమొక గంట మఠప్రాంగణమును స్త్రీల నడకకు విడిచినచో ఖర్చు లేని వైద్యాలయము వెలసినట్లే యగును.

ఇంటింట చర్చించుకొనుటకు

1. ఇంటిలోని ప్రతి పెద్దవారి వృత్తిలో కదలిక యెంత, నిలుపుదల యెంత?
2. అలసట తీరుటకు ఇంటివారు ఎంచుకొన్న మార్గము అలసటను తీర్చుచున్నదా, పెంచుచున్నదా?
3. వారమునకు 150 నిముషములు ఇంటిల్లిపాదికిని దొరకుటకు ఏ పనిని ఎవరు పంచుకొనవలెను?

మూడవ ప్రశ్నకు జవాబు ఇంటి ఇల్లాలిని అడిగి వ్రాసికొనుట మంచిది. వంట, వాకిలి, బీడీల చాట నడుమ ఆమెకు అరగంట మిగులవలెనన్నచో ఇంటి పనిలో కొంత యితరుల చేతికి రావలెను. ఆ మార్పు జరిగిన యింట వ్యాయామము మాటగా గాక అలవాటుగా నిలుచును.