కథ చెప్పువాడెవడు?

గత సంవత్సరము ఒక తండ్రిగారు నా గదికి వచ్చి, “మా అబ్బాయి ‘బారిష్టరు పార్వతీశం’ చదువుచు ఒకటే నవ్వుచున్నాడు. పల్లెటూరివాని తెలివితక్కువతనమునకు నవ్వుట నేర్పుటకా తెలుగు పాఠము?” అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మన పిల్లలు ఇంట తెలుగును, వీథిలో వేఱొక భాషను మాటాడువారు. నలుగురు నవ్వుదురేమో యను భయము వారికి క్రొత్త కాదు. నాడు నాకు సరియైన సమాధానము తోచలేదు.

నవలలో ఏమి జరిగినదో యందఱును చూతురు. దానిని మనకు ఎవరు చెప్పుచున్నారో చూచువారు తక్కువ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో ప్రకటింప నారంభించిన రాజశేఖర చరిత్రములో, ధవళేశ్వరపు రాజశేఖరుడుగారు బంగారము చేయుదునను యోగిని నమ్మి మోసపోవును. కథ చెప్పువాడు ఆయన కాడు, గ్రంథకర్త. మనమును గ్రంథకర్త ప్రక్కనే యెత్తుగా నిలిచి చూతుము. యోగి సంగతి రాజశేఖరునికంటె ముందు మనకే తెలిసిపోవును. ఆయనపై జాలి కలుగును గాని, “ఇంత పెద్దమనిషికి ఈపాటి తెలియదా!” యని లోలోపల తీర్పు చెప్పకయు మానము.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల మొదటి భాగము 1924లో వెలువడినది. అందు మొగలితుఱ్ఱు పార్వతీశము తన కథను ‘నేను’ అని తానే చెప్పుకొనును. ఆడువారి టోపీ యని యెఱుగక కొని, తలపై పెట్టుకొని తిరిగిన సంగతి నతడే బయటపెట్టును. తన పొరపాటును తానే చెప్పుకొనువానిని చూచి నవ్వగలము గాని చులకన చేయలేము. అంతే కాదు, అతని యాలోచన వెంట నడచుచుండుటచే అడుగడుగునకు అతడనుకొనినదే సరి యనిపించును. నిజమునకు ఆ టోపీని మనమును అతనితో కూడ కొనియే యుందుము!

దీనిని పరీక్షింపదలచి, తొమ్మిదవ తరగతివారిని ఆ టోపీ కథను దుకాణదారుని నోట వ్రాయుమంటిని. చాలమంది పార్వతీశమును వట్టి వెఱ్ఱివానిని చేసిరి. తరగతి యంతయు నవ్వినది. ఒక బాలిక మాత్రము ఇట్లు వ్రాసినది: “ఆ అబ్బాయి టోపీని ఎంతో సంతోషముగా చూచుకొనెను. బయట నవ్వుదురని నాకు తెలుసు. చెప్పలేదు. డబ్బు లెక్కపెట్టుకొంటిని.” ఇది చదివినపుడు ఎవరును నవ్వలేదు. టోపీ అదే, బాలుడు అతడే. తప్పు మాత్రము అంగడివానిపైకి పోయినది. ఇది నీకెట్లు తోచినదని యడిగితిని. ఒక కార్యాలయములో తన నాయనమ్మ దరఖాస్తును తప్పుగా నింపుచుండగా, అచటివారు చూచియు ఊరకుండిరట.

‘నేను’ అని చెప్పు కథకుడును అంతా చూపడు. పార్వతీశము తల్లిదండ్రులకు చెప్పక ఇల్లు విడిచి బయలుదేఱును. మనమును అతని వెంటనే పోవుదుము. వెనుక ఆ యింట ఏమి జరిగినదో చూడము. నవ్వులో ఆ సంగతియే మఱతుము. నేను ముప్పది యేండ్లుగా ఆ పుస్తకమును చదువుచుండియు, నా కుమారుడు ఉద్యోగమునకై దూరదేశము పోయిన పిదపనే దానిని గమనించితిని.

నాడు నన్ను ప్రశ్నించిన తండ్రిగారు ఈ పత్రికను చదువుదురని తలంతును. వారి యబ్బాయిచేత ఆ యుదయమును పార్వతీశము తండ్రి నోట చెప్పించి వినవలెనని కోరుచున్నాను. అబ్బాయి అపుడును నవ్వునేమో, వారే వచ్చి నాతో చెప్పవలెను.