తాలు ఏరడం ఎక్కడ నేర్చుకోవాలి?

టౌరంగా, న్యూజిలాండ్,
ఆగస్టు 2025

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. ఫోన్లో జవాబు చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ కివీ కోతలు అయిపోయాయి. చలికాలం గనుక తోటల్లో తీగల కత్తిరింపు నడుస్తోంది. మాకు కాస్త తీరిక దొరికేది ఇప్పుడే.

టీసీఎస్ వాళ్ళు 12 వేల మందిని తీసేస్తున్నారని జూలైలో వార్త వచ్చిన రోజు మీ నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయాడన్నావు. కంప్యూటర్ సైన్సు రెండో ఏడాది చదివే పిల్ల ఇంట్లో ఉన్నవాడికి ఆ దిగులు ఉంటుంది. "నేను బయటికొచ్చేసరికి ప్రోగ్రాములన్నీ ఏఐ రాసేస్తుంటే, ఇదంతా ఎందుకు నేర్చుకోవడం అత్తయ్యా?" అని నువ్వు అడిగిన మాట దగ్గర నేనూ ఆగిపోయాను. తేలికైన జవాబు నా దగ్గర లేదు. కాకపోతే నా చేతిలో పని మిషను చేతికి పోవడం రెండుసార్లు చూశాను. ఎలా పోతుందో, పోయాక ఏం మిగులుతుందో చెప్పగలను.

ముందు మన మిరప కల్లం సంగతి చెప్పాలి. కాయలు ఎండాక తాలు, అంటే పాడైన కాయలు, ఏరడానికి మీ నాయనమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మొదటిరోజు నేను తాలు అని ఏరిన బుట్టలో సగం మంచికాయే. నాయనమ్మ తిట్టలేదు. బుట్ట తిరగబోసి మళ్ళీ ఏరమంది. తెల్లబడ్డ కాయ ఎవరి కంటికైనా ఆనుతుంది. పైకి ఎర్రగానే ఉండి లోపల బూజు పట్టిన కాయ ఉంటుందే, అది పట్టుకుంటే తెలియాలి. బరువులో తేడా, గింజ గలగలలో తేడా. అది తెలియడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఆ రెండు సీజన్లూ నేను ఏరింది నాయనమ్మ మళ్ళీ ఏరేది. అంటే నా పని వల్ల ఇంటికి లాభం లేకపోగా ఆమెకు రెట్టింపు పని. అయినా నన్ను అక్కడినుంచి లేపలేదు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత గుంటూరు బ్రాడీపేటలో టైపు నేర్చుకున్నాను. లోయరు, హయ్యరు ప్యాసయ్యి ఒక ప్లీడరు గారి దగ్గర చేరాను. ఒక్క అక్షరం తప్పు పడితే పేజీ మొత్తం మళ్ళీ కొట్టాలి. కంప్యూటరు వచ్చాక ఆ బాధ పోయింది, దాంతోపాటు ముగ్గురు చేసే పనికి ఒకరు చాలిపోయారు. ఆ మిగిలిన ఒకరు అందరికన్నా వేగంగా కొట్టే అమ్మాయి కాదు. అఫిడవిట్‌లో ఏ మాట తర్వాత ఏ మాట రావాలో, ఎక్కడ తేదీ తప్పితే కేసు పోతుందో తెలిసిన అమ్మాయి.

2004లో మీ మామయ్యతో ఇక్కడికి వచ్చాక టె పుకెలో పళ్ళు ఏరి ట్రేల్లో సర్దే ఒక ప్యాక్‌హౌసులో చేరాను. టౌరంగాకు ఆగ్నేయంగా అరగంట ప్రయాణం. ఈ చుట్టుపక్కల నేలంతా కివీ పందిళ్ళే. చైనా నుంచి 1904లో ఇసబెల్ ఫ్రేజర్ అనే హెడ్మిస్ట్రెస్ తెచ్చిన గింజలతో మొదలైన పంట ఇది. ఇప్పుడు మంచి ఏడాదిలో ఈ దేశం నుంచి 15 కోట్ల ట్రేలు దాటి ఎగుమతి అవుతుంది. ఒక్కో ట్రేలో మూడున్నర కిలోల పండు. ఆ ఎగుమతుల్లో దాదాపు అన్నీ చూసే జెస్ప్రీ కార్యాలయం ఇక్కడే మౌంట్ మౌంగనుయిలో ఉంది.

నన్ను గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టారు. దీపాల కింద రోలర్ల మీద పళ్ళు దొర్లుతూ వస్తాయి. కొమ్మకు రాసుకుని గీత పడినవీ, పురుగు మచ్చలున్నవీ, ఆకారం వంకరపోయినవీ, ముఖ్యంగా మెత్తబడ్డవీ తీసి పక్కన వెయ్యాలి. మెత్తబడ్డ కివీ ఒక్కటి ట్రేలోకి వెళ్తే దానిలోంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కవాటిని కూడా పండబెట్టేస్తుంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండి, ఓడెక్కి జపాన్‌కో యూరప్‌కో వెళ్ళాల్సిన సరుకు. నా పక్కన ఒక పంజాబీ అక్క ఉండేది. మొదటి నెలంతా నేను వదిలేసిన పండును ఆమె చెయ్యి చాచి తీసేసేది, నేను పొరపాటున తీసేసిన మంచిపండును తిరిగి రోలర్ మీద పెట్టేది. అచ్చం నాయనమ్మలాగే.

ఇప్పుడు ఆ టేబుల్ దగ్గర అంతమంది లేరు. పండు దొర్లుతుండగానే కెమెరాలు చుట్టూరా ఫొటోలు తీస్తాయి. కంటికి కనిపించని పరారుణ కాంతితో లోపలి తీపిని కూడా అంచనా కడతాయి. మనిషి రెప్పవేసే లోపల పండు ఏ వరుసలోకి పోవాలో తేలిపోతుంది. ఆ కెమెరాకు మచ్చ ఏదో, మట్టి ఏదో నేర్పడానికి ముందు వేల ఫొటోలు చూసి "ఇది గాలికి పడిన గీత, ఇది పురుగు" అని గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు పెట్టగలిగేది టేబుల్ దగ్గర ఏళ్ళతరబడి నిలబడ్డ కళ్ళే. నీ పుస్తకాల్లో మెషీన్ లెర్నింగ్ అని చదువుతున్నది ఇదే కదా. ఆ మిషను మింగిన చదువు కొందరు ఆడవాళ్ళ కంటిచూపు తల్లీ. వాళ్ళ పేర్లు ఆ మిషను మీద ఎక్కడా ఉండవు.

ఇలాంటి మిషను నీకు కొత్త కాదు. ఇంట్లో బియ్యం బస్తా మీద "సార్టెక్స్" అని ఉంటుంది చూడు. రంగు మారిన గింజను కెమెరా పట్టుకుంటే గాలి ఊది పక్కకు నెట్టే మిషను అది. మా చిన్నప్పుడు మధ్యాహ్నాలన్నీ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు, మట్టిబెడ్డలు ఏరడంతోనే సరిపోయేది. ఆ పని పోయిందని ఏ ఇల్లాలూ ఏడవలేదు, ఏడవక్కర్లేదు. ఇక్కడి రేవులోనూ అంతే. ఎగుమతికి వచ్చే దుంగల్ని ఒకప్పుడు మనుషులు లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ కొలిచేవారు. భారీ బండ్ల మధ్య నడిచి చేసే పని, ఒక్క అడుగు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఊరి కంపెనీ రోబోటిక్స్ ప్లస్ తయారుచేసిన యంత్రం ఇప్పుడు దుంగలు లారీ మీద ఉండగానే స్కాన్ చేసి కొలుస్తుంది. అలాంటి పనిని మిషను తీసుకోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

మిషను అన్ని పనుల్లోకీ ఒకే వేగంతో రాదు. కివీ కొయ్యడం చూస్తే నీకూ తెలుస్తుంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయం వాళ్ళూ, రోబోటిక్స్ ప్లస్ వాళ్ళూ, మరికొందరూ కలిసి నాలుగు చేతుల రోబోను చేశారు. 2019లో వాళ్ళు ప్రచురించిన ఫలితాల్లో అది తోటలోని పండులో 51 శాతం కొయ్యగలిగింది, ఒక్కో పండుకు సగటున ఐదున్నర సెకన్లు. గుత్తిలో ఒకదాని వెనక ఒకటి దాక్కున్న పండూ, తీగకో తంతికో ఆనుకున్న పండూ దానికి చిక్కలేదు. వనువాటు, సమోవా దీవుల నుంచి సీజన్‌కి వచ్చే కుర్రాళ్ళు మెడకు సంచి తగిలించుకుని రెండు చేతులతో చకచకా కోసేది ఆ పండునే. అదే 2019లో హాక్స్ బే తోటల్లో అమెరికన్ కంపెనీ అబండెంట్ రోబోటిక్స్ మిషన్లు యాపిల్స్ కోస్తే ప్రపంచంలో మొదటిసారని వార్తలు వచ్చాయి. 2021కల్లా ఆ కంపెనీ మూతపడింది. ఆక్లండ్ రేవు వాళ్ళు కంటైనర్లు మోసే బండ్లను డ్రైవర్లు లేకుండా నడపాలని 2016లో మొదలుపెట్టి, 2022లో వద్దనుకుని, సుమారు ఆరున్నర కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకున్నారు.

అంటే భయం లేదని చెబుతున్నానని అనుకోకు. మిషను రావడం పని తేలికా కష్టమా అన్నదాని మీద మాత్రమే ఆధారపడి ఉండదు, చెయ్యి ఖరీదు మీద కూడా ఉంటుంది. ఇక్కడ 2025 ఏప్రిల్‌లో గంటకు కనీస వేతనం 23 డాలర్ల 50 సెంట్లు అయింది. కోవిడ్‌కి 2020 మార్చిలో సరిహద్దులు మూసేసినప్పుడు పళ్ళు కోసేవాళ్ళే దొరకలేదు. అలాంటి చోట మిషను మీద డబ్బు పెట్టడానికి అందరూ ముందుకొస్తారు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్ళు ఇప్పటికీ టిక్కీలు, అంటే మిరప బస్తాలు, విప్పుకుని మిరప తొడిమలు చేత్తోనే తీస్తున్నారంటే, వాళ్ళ చెయ్యి అంత చవక అని అర్థం. మనం గర్వపడాల్సిన సంగతి కాదది. నీ చదువుకు సంబంధించి తేడా ఏమిటంటే, పండు కోసే రోబోకు ఇనుము కావాలి, చక్రాలు కావాలి, తోట కావాలి. ప్రోగ్రాం రాసే ఏఐకి అవేవీ అక్కర్లేదు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది, కొద్ది రోజుల్లోనే మీ కాలేజీ కుర్రాళ్ళ ఫోన్లలోకి దిగిపోయింది. అందుకే ఈసారి దెబ్బ చేతుల కన్నా ముందు కుర్చీలకు తగులుతోంది.

కుర్చీల్లోనూ మొదట తగిలేది కొత్తగా చేరినవాళ్ళకు. నేను నీతో అసలు చెప్పాలనుకున్నది ఇది. కంపెనీలో కొత్తగా చేరినవాడికి ఏం పని ఇస్తారు? చిన్న చిన్న ప్రోగ్రాములు, పరీక్షలు, పాత తప్పుల దిద్దుబాటు. తాలు ఏరడం. వాటివల్ల కంపెనీకి పెద్ద లాభం ఉండదు, కానీ ఆ పని చేస్తూనే వాడికి చెయ్యి తిరుగుతుంది. ఏఐ తీసుకుంటున్నది సరిగ్గా ఆ పనినే. మా ప్యాక్‌హౌసులో నాకు ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కెమెరా ఏ మచ్చను వదిలేస్తోందో, ఏ మంచిపండును చెత్తలో వేస్తోందో చూసి సరిచేసే మనిషి ఇప్పటికీ కావాలి. టేబుల్ దగ్గర పెరిగినవాళ్ళం ఆ పని చేస్తున్నాం. నిరుడు చేరిన పిల్లలకు చదువుంది, చురుకుంది, స్క్రీన్ మీద అంకెలు మాకన్నా బాగా చదువుతారు. పండు మాత్రం తెలియదు. తెలియడానికి వాళ్ళు నిలబడే టేబుల్ ఏదీ? మేం రిటైరయ్యాక మిషను పొరపాటు పడితే పట్టుకునేది ఎవరు?

పెద్దవాళ్ళు కూడా ఇక్కడే పొరపాటు పడ్డారు. ఏఐ రంగంలో మహామహుడు, 2024లో నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్, ఇక ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్లను తయారుచేయడం ఆపేయమని 2016లో అన్నాడు. ఆపేసి ఉంటే ఏమయ్యేదో చూడు. ఆ డాక్టర్లకు ఇప్పటికీ చాలా దేశాల్లో కొరతే. ఏదో ఒక రోజు మిషను చేస్తుందని నేర్పడం ఇవాళే మానేస్తే, ఆ రోజు వచ్చేలోపల రోగిని చూసేదెవరు?

కాబట్టి నువ్వు అడిగినదానికి నా జవాబు: నేర్చుకో, కానీ మీ సీనియర్లు నేర్చుకున్నట్టు కాదు. వాళ్ళకు తాలు ఏరే పని ఉద్యోగంలో దొరికింది, జీతం కూడా ఇచ్చారు. నువ్వు అది కాలేజీలోనే, నీ అంతట నువ్వే చేసుకోవాలి. ఏ ప్రోగ్రామైనా ముందు నీ చేత్తో రాయి, పనిచేయకపోతే పనిచేసేదాకా కూర్చో. ఆ తర్వాతే ఏఐని అడుగు. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూడు. అది రాసినది పైకి ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల బూజు ఉందో లేదో పట్టుకునే వేళ్ళు నీకు రావాలి. నువ్వు పట్టుకున్న ప్రతి తప్పునూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో. ఏడాదికి ఆ పుస్తకం నీకు మార్కుల జాబితా కన్నా విలువైనదవుతుంది.

కంప్యూటరుకు బయట ఒక పనిని కూడా లోతుగా తెలుసుకో. మిరప కావచ్చు, బోరుబావుల నీళ్ళు కావచ్చు, ఆస్పత్రి కావచ్చు. ఏఐని ఎలా వాడాలో రేపు అందరికీ తెలుస్తుంది. ఏం అడగాలో, వచ్చిన జవాబు నేల మీద నిలుస్తుందో లేదో, ఆ పనిలో మట్టి అంటినవాళ్ళకే తెలుస్తుంది.

లాభం ఎవరికి పోతుందన్న ప్రశ్న కూడా నీ చదువులో భాగమే. నీ సిలబస్‌లో లేకపోయినా సరే. మన డెల్టాలో వరికోత మిషన్లు వచ్చినప్పుడు రైతుకు ఖర్చు తగ్గింది, వానకు ముందే ధాన్యం ఇల్లు చేరింది. కోత కూలీ మీద ఏడాది గింజలు కూడబెట్టుకునే ఇళ్ళకు ఆ పనిదినాలు పోయాయి, వాటికి బదులు ఏదీ రాలేదు. ఆ మిషను తయారుచేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ ఇళ్ళు వాళ్ళ కంటికి కనపడలేదంతే. నువ్వు రేపు ఏదైనా తయారుచేస్తే, దానివల్ల ఎవరి పని పోతుందో వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళి ఒక రోజు కూర్చోవాలి. నీ కింద నలుగురు పనిచేసే రోజు వస్తే, అందులో కొత్తగా చేరిన పిల్లకు ఏఐ చిటికెలో చేసే పనిని కావాలని చేతికిచ్చి, ఆమె చేసింది నువ్వు మళ్ళీ చేయాలి. ఖర్చు దండగ అని పైవాళ్ళు అంటారు. నాయనమ్మ మాట వాళ్ళకు చెప్పు.

ఫిబ్రవరిలో మన ఊళ్ళో కల్లాలు ఎర్రబడతాయి. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళు. ఫోను సంచిలో పెట్టి, తాలు ఏరే ఆడవాళ్ళ పక్కన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చో. వాళ్ళు ఏ కాయను ఎందుకు తీశారో అడిగి తెలుసుకో, నువ్వూ ఏరు, నీ బుట్ట వాళ్ళకు చూపించు. ఏం తెలిసిందో నాకు ఉత్తరం రాయి. మార్చి లోపల రాయాలి సుమా, ఆ నెలలో మాకు కోతలు మొదలవుతాయి.

ప్రేమతో,
మీ అత్తయ్య