‘టీచ్ టు మీ’ అనొచ్చా?

ప్రశ్న: ‘టీచ్ టు మీ ఇంగ్లిష్’ అన్నానని మా అమ్మాయి నవ్వింది. తప్పేమిటి?

జవాబు: తప్పంతా మన ‘కు’ది! ‘నాకు నేర్పు’ అనే అలవాటు కొద్దీ ఆ ‘కు’ కోసం ‘టు’ తెచ్చిపెడతాం. టీచ్ పక్కనే మనిషి వస్తే అది అక్కర్లేదు: ‘టీచ్ మీ ఇంగ్లిష్’. విషయం ముందొస్తే కావాలి: ‘షీ టీచెస్ ఇంగ్లిష్ టు చిల్డ్రన్’. ‘హీ టాట్ మీ టు స్విమ్’లో ‘టు’ ఉందిగా అంటారేమో, అది ‘స్విమ్’ది, ‘మీ’ది కాదు. భూతకాలంలో ‘టీచ్డ్’ లేదు, ‘టాట్’ అనాలి. పాత ఇంగ్లిష్‌లో ఈ క్రియకు ‘చూపించు’ అని అర్థం. బ్యాంకులో ఇచ్చే టోకెన్ కూడా దీనికి చుట్టమే. అన్నట్టు, ‘ఐ విల్ టీచ్ యూ ఎ లెసన్’ అని ట్యూషన్ పిల్లలతో అనకండి. వినేవాళ్లకది ‘నీకు బుద్ధి చెప్తా’ అన్న బెదిరింపులా ఉంటుంది.