ఒప్పందము – అపకృత్యము: మన తాలూకా కౌలు నిదర్శనము

చట్టము మనపై మోపు బాధ్యతలలో రెండు జాతులు గలవు. మనము మాట యిచ్చి తెచ్చుకొన్నది ఒప్పందము. మాట యిచ్చినను ఈయకున్నను ఇతరుల హక్కునకు భంగము కలుగనీయక మెలగుట రెండవది. దానిని అతిక్రమించుట అపకృత్యము, అనగా టార్టు. మొదటిదానికి 1872 నాటి ఒప్పందముల చట్టము గలదు. రెండవదానికి మన దేశమున సమగ్రమైన శాసనము లేదు. అది విశేషముగా న్యాయస్థానముల తీర్పులపైననే నిలిచియున్నది.

ఉదాహరణమునకై మనము దూరము పోనక్కరలేదు. తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములందు 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. ఈ భూములను రైతులు అమ్మలేదు. 2015లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థకు 28 ఏండ్ల కౌలునకిచ్చిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్లకొకమారు నూటికి ఐదు హెచ్చింపు. భూమి ననుభవించు హక్కు ఒకవైపు, కౌలు సొమ్ము మరియొకవైపు: ఇదియే ప్రతిఫలము. ఏడాదికి మించిన కౌలు గనుక పత్రము రిజిస్టరు కావలెను.

ఇరుపక్షములవారును ఒకే విషయమును ఒకే అర్థమున గ్రహించి ఒప్పుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. ఇంట తెలుగు మాటాడి కన్నడ పత్రముపై చేవ్రాలు చేయు మనవారికి ఈ మాట ముఖ్యము. పత్రమును మోసముతో తప్పుగా చదివి వినిపించినచో ఒప్పందమును రద్దుపరచుకొనవచ్చును. చదువక చేవ్రాలు చేసితిననుట మాత్రము సాధారణముగా చెల్లదు. మైనరు చేసిన ఒప్పందము చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పినది. మైనరుకు ప్రత్యేకముగా చెందిన భూమిని సహజ సంరక్షకుడు ఐదేండ్లకు మించి కౌలునకీయవలెనన్నను, 1956 చట్టము ప్రకారము న్యాయస్థానపు అనుమతి వలయును.

ఇక ఆ పొలములలో కూలిచేసినవారు, కోతల పిమ్మట మందలు మేపుకొన్నవారు ఏమైరి? వారు పత్రమున పక్షము కారు. పక్షము కానివారు సాధారణముగా ఒప్పందముపై దావా వేయజాలరు. అపకృత్యమున నైనను దారి కలదా? 1410లో ఇంగ్లాండున గ్లౌసెస్టరు పట్టణమున పోటీ బడి యొకటి వెలసి పాత ఉపాధ్యాయుల రాబడి పడిపోయినది. నష్టము నిజమే, హక్కుభంగము లేదని న్యాయాధిపతులు దావాను త్రోసివేసిరి. బడిపిల్లలకు ఈ వ్యాజ్యము జ్ఞాపకముండుట సులభమని మా తలంపు.

ఒక గొఱ్ఱెలకాపరిని ఊహింతము. సంస్థ లారీ అజాగ్రత్తచే అతని మేకను త్రొక్కినచో, ఏ ఒప్పందమును లేకున్నను అతడు పరిహారము కోరవచ్చును. ఆచారముచే రుజువైన గోమాళపు హక్కు పోయినచో నదియు వేరు మాట. పట్టాదారు ఊరకున్నందున మేపుకొన్నది మాత్రము హక్కు కాదు. చచ్చిన మేకకు పరిహారము గలదు, పోయిన మేతకు లేదు. ఇది మాకు కటువుగనే తోచుచున్నది.

2013 నాటి భూసేకరణ చట్టము, మూడేండ్లకు తక్కువగాక అచ్చట పనిచేసి ప్రధాన జీవనాధారము కోల్పోయిన భూమిలేని కూలీల కుటుంబములను గూడ బాధితులుగా నెంచినది. కాని యిచ్చట జరిగినది సేకరణ కాదు, కౌలు.