మందబంతి

కాళేశ్వరమున ప్రాణహిత గోదావరిలో కలియుచోట నీరు పైకి నెమ్మదిగా కదలుచున్నట్లు కనబడును. అందు దిగినవానికే అడుగున లాగుచున్న వడి తెలియును. టేబుల్ టెన్నిసులో మెల్లగా తేలివచ్చు బంతిని చూచినపుడెల్ల నాకా నీరు జ్ఞప్తికి వచ్చును. వేగపు బంతిని చక్కగా తిప్పికొట్టు బాలుడు ఈ మందబంతిని వలలో వేసి, “మాస్టారూ, మెల్లగానే వచ్చినది గదండీ!” అని తెల్లబోవును.

2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్ నగరమున ప్రపంచ జట్టు పోటీలు జరిగెను. అందు చైనాతో ఆడిన భారత వనితలలో ఐహికా ముఖర్జీ, ప్రపంచమున ప్రథమస్థానమందున్న సున్ యింగ్‌షాను ఓడించెను. మన హైదరాబాదు వనిత ఆకుల శ్రీజ, ద్వితీయస్థానమందున్న వాంగ్ యీదీని గెలిచెను. కడకు చైనాయే 3–2తో గట్టెక్కినది. ఐహిక బ్యాటునకు ఒక ప్రక్కనున్నది యాంటీ స్పిన్ రబ్బరు.

సాధారణమైన రబ్బరు బంతిని పట్టి త్రిప్పును. యాంటీ స్పిన్ రబ్బరునకు ఆ పట్టు లేదు. పొడవైన బుడిపెలు గల రబ్బరు మరియొకటి కలదు. బంతి తగులగనే ఆ బుడిపెలు వంగిపోవును. రెండింటినుండియు బంతి మందముగా వచ్చును. అంతియే కాదు, బంతి పయనించు దిక్కు మారునుగాని, తిరుగుచున్న తీరు చాలవరకు మారదు. కావున ముందుకు దొర్లునట్లు మనమిచ్చిన టాప్ స్పిన్, మనవైపు వచ్చునపుడు వెనుకకు దొర్లు బ్యాక్ స్పిన్ అగును. మనము పంపినదే మారువేషమున మనకు వచ్చుచున్నదన్నమాట!

ఆటకు ముందు ఎదుటివాని బ్యాటును చూచుటకు నియమములే వీలు కల్పించినవి. చూడక ఆడుట నిర్లక్ష్యము. నేడు బ్యాటునకు ఒక ప్రక్క నలుపు, రెండవ ప్రక్క మరియొక మెరయు రంగు ఉండవలెను. పూర్వము రెండు ప్రక్కలును ఒకే రంగున నుండవచ్చును. చేతిలో బ్యాటును త్రిప్పి ఏమార్చెడివారు. ఇప్పుడా చిక్కు లేదు. బంతి తగులు క్షణమున ఏ రంగు ముందున్నదో చూచిన చాలును.

మందబంతికి తొందరపడి చేయి చాపరాదు. అడుగు ముందుకు వేసి, బంతి పూర్తిగా లేచువరకు నిలువవలెను. మనము బలమైన టాప్ స్పిన్ ఇచ్చియుంటిమేని, బంతి అడుగుభాగమును తాకి పైకెత్తవలెను. బ్యాక్ స్పిన్ ఇచ్చియుంటిమేని అది తేలివచ్చును. దానిని ఎత్తినచో బల్ల దాటిపోవును. మెల్లగా ముందుకు త్రోయవలెను. ఏమియు తోచనప్పుడు తిరుగుడు లేని బంతిని పంపుడు. అప్పుడు ఎదుటివానికి మన సొమ్ముతో వర్తకము సాగదు.

అట్టి రబ్బరు అతికించిన బ్యాటును తోడివానికిచ్చి, దినమునకు పావుగంట ఎదుట నిలిచి ఆడి చూడుడు. మొదటి వారము బంతులు వలలోనే పడును.