చిట్టీ, ఆదివారం రాత్రి పని ఆపు

చిరంజీవి చిట్టికి,

మిర్చి ధరల సంగతి, మీ నాన్న బీపీ సంగతి అంతా రాసి, చివర్లో మామూలు విషయంలా "ఈ ఆదివారం రాత్రి మన లెక్కల సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ వెర్షన్ 13 నుంచి 15కి మార్చేస్తున్నాం అత్తా, తెల్లారేసరికి అయిపోతుంది" అన్నావు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఆ పని ఆపు తల్లీ. మార్చొద్దని కాదు, మార్చాల్సిందే. ఈ పద్ధతిలో వద్దు.

13లో ఉండిపోకూడదని నువ్వు సరిగ్గానే గ్రహించావు. దానికి మరమ్మతులు రావడం ఎప్పుడో ఆగిపోయింది. పైగా మన దేశంలో పన్ను చట్టాలు ఒకచోట నిలవవు. ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లతో మొదలై, 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవాళ్ల దాకా దిగింది. మన కారం మిల్లు దాని కిందికి వచ్చింది అప్పుడే కదా. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులే మారిపోయాయి. పాత సాఫ్ట్‌వేర్‌నే పట్టుకు కూర్చుంటే ఇలాంటి ప్రతి మార్పునీ మన మనుషులే చేత్తో సర్దుకోవాలి.

కానీ ఈ మధ్యలో ఏమేం మారాయో నీకెవరైనా చెప్పారా? 14లో జీతాల భాగాన్ని విడదీసి వేరే యాప్ చేశారు. మన జీఎస్టీ, ఈ-ఇన్‌వాయిస్ పని కూడా ఇండియా కంప్లయన్స్ అనే వేరే యాప్‌లోకి వెళ్లింది. వాటిని విడిగా పెట్టుకోకపోతే సోమవారం పొద్దున బిల్లు కొట్టే అబ్బాయి చేతులు కట్టుకు కూర్చోవాలి. 15లో మనం రాసుకున్న సర్వర్ స్క్రిప్టులు మనం ప్రత్యేకంగా అనుమతిస్తేనే నడుస్తాయి. అందుకని ముందు 14కి వెళ్లు, లెక్కలు సరిచూసుకో, ఆ తర్వాతే 15. అదీ నకలు సర్వర్ మీద. తేడా వస్తే డేటాబేస్‌లో చేత్తో దిద్దేద్దాం అనే ఆలోచన ఎవరికీ రానివ్వకు. మనది ప్రైవేట్ లిమిటెడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల్లో చేసిన ప్రతి మార్పుకీ జాడ మిగలాలి.

రాత్రిళ్లు అన్నం తింటున్నావా? మన కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పదకొండింటి దాకా కూర్చుంటున్నావని వదిన చెప్పింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల (బస్తాల) అద్దె, తరుగు, సరుకు పెట్టిన రైతుకిచ్చే బాండ్ల కోసం రాయించుకున్న కోడ్ ఎక్కడుంది? ఆ సాఫ్ట్‌వేర్ దృష్టిలో గోడౌన్‌లో ఉన్న సరుకంతా మనదే. మన దగ్గర ఉన్నది రైతు సరుకు, అందుకే అంత రాయించాల్సి వచ్చింది. విడిగా మన సొంత యాప్‌లో రాసి, హుక్స్ ద్వారా తగిలించి ఉంటే సగం భయం లేదు. పైనుంచి చేర్చిన కస్టమ్ ఫీల్డ్‌లు డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి అవీ నిలుస్తాయి. వాటిని ఫిక్స్చర్లుగా ఎగుమతి చేసి ఆ యాప్‌లోనే దాచమను. అలా కాక ఈఆర్‌పీనెక్స్ట్ సొంత ఫైళ్లలోనే చెయ్యి పెట్టి ఉంటే, కొత్త కోడ్ తెచ్చే బెంచ్ అప్‌డేట్ కమాండ్ అక్కడే ఆగి, మీ మార్పులు ఉన్నాయని హెచ్చరిస్తుంది. నిద్ర ముంచుకొస్తున్నవాడు దానికి రీసెట్ జోడించి మళ్లీ కొడతాడు. ఆ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

కోడ్ పోతే బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. అది ఎందుకు రాశామో మర్చిపోతే ఎక్కడి నుంచి తెస్తాం?

నేను చక్కెర ఫ్యాక్టరీ లెక్కల్లో చేరిన కొత్తలో చెరకు రైతుల బిల్లులు కోబాల్‌లో నడిచేవి. క్రషింగ్ రోజుల్లో రాత్రి షిఫ్టు కూడా చేసేదాన్ని. ఆడపిల్ల రాత్రి డ్యూటీ ఏమిటని మా అమ్మ గోల. బెల్లం పాకం వాసన చీరలకు పట్టేసి ఎంత ఉతికినా వదిలేది కాదు. ఆ ప్రోగ్రాంలో ఒక ఊరి రైతులకు మాత్రం టన్నుకి కొంత కోసే నాలుగు వరుసలు ఉండేవి. రాసినాయన మద్రాసు వెళ్లిపోయాడు. ఫాక్స్‌ప్రోకి మార్చేటప్పుడు, ఇదేదో పొరపాటు, వదిలేయండి అన్నారు పైఆఫీసరు. సీజను ముగిశాక తెలిసింది, ఆ ఊరివాళ్లు బోర్ల కోసం ఫ్యాక్టరీ దగ్గర తీసుకున్న అప్పు వాయిదా అది. డబ్బంతా రైతుల చేతికి వెళ్లిపోయింది. మా గుమాస్తా గారు మే ఎండల్లో సైకిల్ మీద ఇంటింటికీ తిరిగారు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవారట, డబ్బు మాత్రం ఇచ్చేవారు కాదు. పెళ్లిళ్లకీ ఎరువులకీ ఖర్చు పెట్టేసుకున్న డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు, పాపం.

మన కోడ్‌లోనూ అలాంటివి ఉన్నాయి. మన కోల్డ్ స్టోరేజీలో నాలుగు ఊళ్ల రైతులకు అద్దెలో తగ్గింపు ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. కానీ రేపు వచ్చే ప్రోగ్రామర్‌కి అది అర్థంలేని ఒక ఇఫ్. మా నాన్న ఆ రైతులకి ఇచ్చిన మాట అక్కడ ఉంది చిట్టీ. ఇది రాస్తుంటే కళ్లు తడుస్తున్నాయి.

ఒక పుస్తకం పెట్టు. ప్రతి మార్పుకీ ఎవరు అడిగారు, ఎందుకు, ఎప్పుడు, అది లేకపోతే ఏ బిల్లు తప్పుతుంది అన్నది తెలుగులో రాయించు. ఒక నమూనా బాండు నకలు పక్కనే అతికించు. గిట్‌లో కూడా పెట్టు, కాదనను. కానీ మీ నాన్న చదవగలిగేలా ఉండాలి, ఎందుకంటే సగం కారణాలు ఆయనకే తెలుసు. అలా రాస్తుంటేనే ఏది అక్కర్లేదో కూడా తేలుతుంది. కొన్ని 15లో వాళ్లే ఇచ్చి ఉంటారు. కారణం తీరిపోయినదాన్ని మోసుకెళ్తే ప్రతి అప్‌డేట్‌కీ దానికి వెట్టి చాకిరీ చేస్తూనే ఉండాలి.

ఎవరో ఓడూ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారమన్నారని రాశావు. మంచిదే, బెల్జియం వాళ్లది. అయితే ఉచిత ఎడిషన్‌లో పూర్తి అకౌంటింగ్ లేదు. ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, చివరి మూడింటికే సపోర్టు. కంపెనీ చేసిపెట్టే అప్‌గ్రేడ్ డబ్బు కట్టేవాళ్లకే. మిగతావాళ్లు ఓపెన్‌అప్‌గ్రేడ్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టును నమ్ముకోవాలి. ఏది ఎంచుకున్నా మన కోడ్ వాళ్ల ఫైళ్లకు బయట బతకగలదా అన్నది ముందు అడుగు. షుగర్‌సీఆర్‌ఎం అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఉచిత ఎడిషన్‌లో ఇక కొత్త వెర్షన్లు రావని 2014లో చెప్పేసింది. అప్పటికే దాని కోడ్ నుంచి వేరుగా మొదలైన స్వీట్‌సీఆర్‌ఎం ఉండబట్టి వాడేవాళ్లకి దారి దొరికింది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌దైనా లైసెన్సు పత్రం విసుగనుకోకుండా చదువు.

నకలు సర్వర్‌లో నిరుటి సీజను బాండ్లు మళ్లీ లెక్క వేయించు. పైసా తేడా వచ్చినా ముందుకు వెళ్లకు. బ్యాకప్ తీశామంటే చాలదు, దాన్ని ఎక్కించి తెరిచి చూడమను.

ఆ కోడ్ రాసిన కుర్రాడు నెలాఖరుకి హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడట, మీ తమ్ముడు చెప్పాడు. అతన్ని నొప్పించకు, మంచి పిల్లాడు. కానీ వెళ్లేలోపు రోజుకి రెండు గంటలు నాకివ్వమని అడుగు. నేను సోమవారం గుంటూరు బస్సెక్కుతున్నాను. అతను చెప్తాడు, మీ నాన్న కారణాలు గుర్తుచేసుకుంటాడు, నేను రాస్తాను. పెద్ద రూళ్ల పుస్తకం ఒకటి కొని ఉంచు.

ప్రేమతో,
అత్తయ్య