కుండీలో అనాస: రెండు విద్యా సంవత్సరాల పాఠం



పైనాపిల్ కోసేటప్పుడు పైనున్న ఆకుల కిరీటాన్ని విరిచి చెత్తలో వేస్తాం. ఈ నెల దాన్ని మీ పాపకో, బాబుకో ఇవ్వండి. వానాకాలంలో నాటితే అదే మొక్క అవుతుంది. అయితే ముందే ఒక మాట చెప్పండి: పండు రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఆరో తరగతిలో నాటిన బిడ్డ ఎనిమిదో తరగతిలో పండు కోస్తుంది. వారం వారం పరీక్షలు, వెంటనే మార్కులు అలవాటైన పిల్లలకు ఇంత ఆలస్యంగా ఫలితం వచ్చే పని ఒకటి చేతిలో ఉండాలి.

ఎక్కడి మొక్క?

అనాస పుట్టిల్లు దక్షిణ అమెరికా. బ్రోమీలియేసి అనే ఈ కుటుంబంలోని మొక్కలు దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీన్ని మన దేశానికి తెచ్చారు. అక్కడి ఆదివాసుల ‘ననాస్’ అనే మాటే మన ‘అనాస’ అయింది. ఆంధ్రప్రదేశ్‌లోని సీతంపేట ఏజెన్సీ కొండల్లో గిరిజన రైతులు దీన్ని పండిస్తారు. అక్కడ కొండవాలు, చెట్ల నీడ ఉంటాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే మనకు పొలం కంటే కుండీ నయం. ఎండను బట్టి జరుపుకోవచ్చు.

నాటే పద్ధతి

1. కిరీటాన్ని మెలితిప్పి తీయండి. అంటుకున్న పండు గుజ్జు ఉంటే కుళ్లిపోతుంది, పూర్తిగా తీసేయండి.
2. అడుగు ఆకులు కొన్ని ఒలిచి, అంగుళం కాడ కనిపించేలా చేయండి. నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి.
3. అడుగున రంధ్రాలున్న 12 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. నల్లరేగడి వద్దు, నీరు నిలుస్తుంది.
4. కాడ వరకే పాతండి. మట్టి ఆరాకే నీళ్లు పోయండి. వేర్లు పట్టడానికి నెల, రెండు నెలలు పడుతుంది.
5. ఉదయపు ఎండ తగలనివ్వండి. మార్చి నుంచి మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ తప్పనిసరి.

జాగ్రత్త: ఆకుల మధ్య దొప్పల్లో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెట్టవచ్చు. మూడు నాలుగు రోజులకోసారి కుండీని వంచి ఆ నీటిని ఒంపేయండి. ఆకుల కొనలు గుచ్చుకుంటాయి, చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.

పిల్లలతో చూడాల్సినవి

పత్రరంధ్రాలు: చాలా మొక్కలు వీటిని పగలు తెరుస్తాయి. అనాస ఎక్కువగా రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటుంది. ఎండలో నీరు ఆవిరి కాకుండా ఇది దాని ఉపాయం. కలబంద, బ్రహ్మజెముడు కూడా ఇంతే.

లెక్కలు: పండు మీది ఒక్కో ‘కన్ను’ ఒక్కో పువ్వు నుంచి వచ్చిందే. కళ్ల వరుసలు మెలితిరిగి ఉంటాయి. ఒకవైపు తిరిగేవి 8, రెండోవైపు 13 ఉండడం మామూలు. 1, 1, 2, 3, 5, 8, 13 వరుసలో తర్వాతి సంఖ్య ఏదో పిల్లలనే అడగండి.

నాలుక మంట: అనాసలోని బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్లను విడగొడుతుంది. పచ్చి ముక్కలు ఎక్కువ తింటే నాలుక మండేది ప్రధానంగా ఇందుకే. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు.

పూత రాకపోతే?

ఏడాదిన్నర దాటి, 30కి పైగా ఆకులు వచ్చినా పూయకపోతే, మొక్క పక్కన మాగిన ఆపిల్ ముక్కలు పెట్టి, పైన కవరు కప్పి, నీడలో మూడు నాలుగు రోజులు ఉంచండి. ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూతకు తోడ్పడుతుంది. పూసిన ఐదారు నెలలకు పండు తయారవుతుంది. తొందరపడి కోయకండి. కోశాక మామిడిలా తీపి పెరగదు. ఒక మొక్క ఒక్కసారే కాస్తుంది. పక్కన వచ్చే పిలకలను మళ్లీ నాటుకోవచ్చు.

ఈ నెల పని: ఒక నోటుబుక్కు ఇచ్చి, ప్రతి నెలా ఒకటో తారీఖున ఆకులు లెక్కపెట్టి రాయమనండి. మొదటి రెండు మూడు నెలలు అంకె పెద్దగా మారకపోవచ్చు. అప్పుడు మీరు పీకి చూడకండి, పిల్లల్ని కూడా పీకనివ్వకండి.